మైలేజీ అంకె పుట్టిన దారి

మీ ఇంట్లో బండి కొనే మాట రాగానే ఎవరో ఒకరు అడిగే తొలి ప్రశ్న "మైలేజీ ఎంతిస్తుంది?" అనే కదా! షోరూంలో చూపించే కాగితం మీద ఒక అంకె ఉంటుంది. కొన్న మూడో నెలకి ఆ అంకె మీదే తగాదా మొదలవుతుంది. మా బాబాయి అలాగే ఒక షోరూం చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు. కాగితం మీద లీటరుకు 20 కిలోమీటర్లని ఉంది, ఊళ్లో 14 కూడా దాటడం లేదు, తనని మోసం చేశారని ఆయన నమ్మకం. అక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఆ అంకె ఎక్కడ పుట్టిందో ఆయనకి ఎవరూ చెప్పలేదు, అంతే.

అది పుట్టింది అమెరికాలో. 1973 అక్టోబరు యుద్ధంలో ఇజ్రాయెల్‌ని బలపరిచినందుకు అమెరికాకు చమురు అమ్మడం అరబ్ దేశాలు ఆపేశాయి. కొద్ది నెలల్లోనే ముడిచమురు ధర దాదాపు నాలుగు రెట్లయింది. పెట్రోలు బంకుల ముందు కార్లు బారులు తీరాయి. అప్పటి అమెరికా కొత్త కార్లు సగటున గాలనుకు సుమారు 13 మైళ్లు, అంటే మన లెక్కలో లీటరుకు అయిదున్నర కిలోమీటర్లు నడిచేవి! 1975 డిసెంబరులో చట్టం వచ్చింది. ప్రతి కంపెనీ కార్ల సగటు 1985 నాటికి 27.5 మైళ్లకు చేరాలి. ప్రతి కొత్త కారుకీ మైలేజీ తెలిపే చీటీ అంటించాలి.

మరి కొలిచేదెలా? రోడ్డు మీద కొలిస్తే గాలి, ఎండ, రద్దీ, డ్రైవరు పాదం ఏ రెండు రోజులూ ఒకేలా ఉండవు. అయితే అమెరికా పర్యావరణ సంస్థ చేతిలో అప్పటికే ఒక పరీక్ష ఉంది. అది మైలేజీ కోసం పుట్టింది కాదు, పొగ కోసం పుట్టింది. లాస్ ఏంజెలిస్ నగరాన్ని కమ్మేస్తున్న పొగమంచుకు కార్లే ప్రధాన కారణమని తేలాక, ఆ ఊరి వీధుల్లో కారు నడిపి దాని వేగాన్ని నమోదు చేశారు. ఆ నమోదులోంచి తయారైనదే ఈ పరీక్ష: 12 కిలోమీటర్లు, దాదాపు 23 నిమిషాలు, సగటు వేగం గంటకు 31.5 కిలోమీటర్లు. కారు గదిలోనే ఉంటుంది, చక్రాలు రోలర్ల మీద తిరుగుతాయి. డ్రైవరు ఎదురుగా కదిలే గీత ప్రకారం వేగం పెంచుతూ తగ్గిస్తూ పోతాడు.

ఇక్కడొక తమాషా ఉంది. ఖర్చయిన పెట్రోలును ట్యాంకులో కొలవరు. పెట్రోలులోని కార్బన్ అంతా ఏదో ఒక వాయువు రూపంలో వెనక గొట్టంలోంచి బయటికి రావాల్సిందే కదా! ఆ పొగ నమూనాను సంచుల్లో పట్టి, అందులోని కార్బన్‌ని లెక్కగట్టి, ఎంత పెట్రోలు కాలిందో వెనక్కి లెక్కిస్తారు. పొగ పరీక్షే మైలేజీ పరీక్షగా మారడం వెనక రహస్యం ఇదే.

కానీ లోటు కూడా అక్కడే ఉంది. ఆనాటి రోలర్లు మరీ జోరైన వేగవృద్ధిని తట్టుకోలేకపోయేవి. అందుకని వేగం సెకనుకు గంటకు 5.3 కిలోమీటర్లకు మించి పెరగకుండా గీతను కత్తిరించారు. అంటే యంత్రం బలహీనతకు తగ్గట్టు డ్రైవరు బుద్ధిమంతుడైపోయాడన్నమాట! ఏసీ ఊసు లేదు, చలి లేదు. చీటీ మీది మైలేజీ రావడం లేదని జనం గోలపెడితే, 1985 నమూనాల నుంచి చీటీ మీద నగర మైలేజీని 10 శాతం, హైవే మైలేజీని 22 శాతం తగ్గించి వేశారు. 2008 నమూనాల నుంచి అధిక వేగం, ఏసీ, సున్నాకు 7 డిగ్రీలు దిగువ చలి పరీక్షల్ని కలిపారు. విచిత్రమేమంటే, కంపెనీల సగటును తేల్చే చట్టపు లెక్క మాత్రం పాత పరీక్షల మీదే నడిచింది. ఒకే కారుకి రెండు అంకెలు!

మన దేశంలో కంపెనీలు 2009 నుంచి మైలేజీని స్వచ్ఛందంగా ప్రకటించడం మొదలుపెట్టాయి. ఆ పరీక్షకు యూరప్ పద్ధతినే తీసుకుని, అక్కడ 120 ఉన్న గరిష్ఠ వేగాన్ని మన రోడ్లకని 90కి దించారు. పరీక్షలో ఏసీ కట్టేసి ఉండేది. బాబాయి 20 అలా వచ్చిందే. అది ఆయన వీధికి ఇచ్చిన హామీ కాదు. అదే గదిలో, అదే గీత మీద నడిచిన మరో కారుతో పోల్చడానికి మాత్రం అది చాలా నమ్మకమైన కొలబద్ద. ఒక దేశపు పరీక్ష అంకెను మరో దేశపు అంకెతో పోలిస్తే ఆ నమ్మకం కాస్తా పోతుంది.

పోల్చేటప్పుడు ఇంకో మెలిక ఉంది. కాగితం, పెన్సిలు తీసుకోండి. ఇంట్లో రెండు బళ్లున్నాయి, నెలకు చెరి 1000 కిలోమీటర్లు తిరుగుతాయి. ఒకటి లీటరుకు 10, రెండోది 20 ఇస్తుంది. మొదటిదాన్ని మార్చి 12.5 ఇచ్చేది కొనాలా, రెండోదాన్ని మార్చి 25 ఇచ్చేది కొనాలా? పెరుగుదల అయిదున్న చోటికే మనసు పోతుంది. లెక్క వేస్తే మొదటి మార్పులో 100 లీటర్లు 80కి దిగుతాయి, రెండో మార్పులో 50 లీటర్లు 40కి. ఆదా రెట్టింపు మొదటిదానిలోనే! ఈ భ్రమ గురించి లారిక్, సోల్ అనే ఇద్దరు అమెరికన్ ఆచార్యులు 2008లో 'సైన్స్' పత్రికలో రాశారు. 2013 నమూనాల నుంచి అక్కడి చీటీ మీద 100 మైళ్లకు ఎన్ని గాలన్లు కాలుతాయో కూడా అచ్చువేయడం మొదలైంది.