తాకట్టు

అమెరికా గొప్పా, రష్యా గొప్పా? మా ఆఫీసులో టీ దగ్గర ఈ గొడవ తరచూ వస్తుంటుంది. నాది బుక్కరాయసముద్రం. కరువు సీమలో పుట్టినోడికి ఇద్దరూ అప్పిచ్చే షావుకార్లలాగే కనపడతారు.

ఈ మాట నా సొంతమేమీ కాదు. మా పక్క మండలంలోని తరిమెల ఊరాయన, తరిమెల నాగిరెడ్డి ఎప్పుడో చెప్పారు. 1952 ఎన్నికల్లో జైల్లో ఉండే అనంతపురంలో సొంత బావ నీలం సంజీవరెడ్డిని ఓడించిన మనిషి. 1969లో ఎమ్మెల్యే పదవి వదిలేశారు. తర్వాత హైదరాబాదు కుట్ర కేసులో కోర్టుకిచ్చిన వాంగ్మూలమే 'తాకట్టులో భారతదేశం' అనే పుస్తకమైంది. కమ్యూనిస్టు కదా, అమెరికాని తిట్టడం మామూలే. కానీ ఆయన సోవియట్ అప్పుని కూడా అదే గాటన కట్టారు!

ఆయన విప్లవమార్గం నాకు నచ్చదు. అమెరికా గోధుమలు ఆకలి తీర్చాయి, రష్యా సాయంతో భిలాయి ఉక్కు కర్మాగారం వచ్చింది, కాదనను. అయితే 1965-67 కరువులో అమెరికా అధ్యక్షుడు జాన్సన్ మన విధానాలు మార్చడానికి గోధుమ ఓడల్ని నెలనెలా లెక్కపెట్టి వదిలాడు. ఇక సోవియట్ యూనియన్ 1991లో కూలింది, అప్పు మాత్రం కూలలేదు. 1993లో రష్యాతో ఒప్పందం చేసుకుని ఏళ్ళ తరబడి కట్టాం. 1976లోనే పోయిన నాగిరెడ్డి ఆ ముచ్చట చూడలేదు.

షావుకారు చచ్చినా నోటు చావదని మా వేరుశనగ రైతులకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఏ షావుకారు మంచోడని కొట్టుకునే ముందు, తాకట్టు దాకా ఎందుకొచ్చామో చూసుకోవద్దూ? మీరేమంటారు?