మందుల చీటీలో కిరాణా సరుకులు

లంఖణం పరమౌషధం అంటారు మనవాళ్లు. అరగనివాడికి సరే, అసలు తిండే లేనివాడికి పరమౌషధం ఏమిటి? దీనికి అమెరికాలో ఒక డాక్టరు చెప్పిన జవాబు చదివి నేను పైకే నవ్వేశాను.

ఆయన జాక్ గైగర్. ఊరు మిసిసిపీ డెల్టాలోని మౌండ్ బయూ. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్లు 1887లో కట్టుకున్న ఊరది. 1960లు వచ్చేసరికి పత్తి ఏరే యంత్రాలు దిగి కూలీల చేతుల్లో పని పోయింది. ఏది వేసినా పండే ఒండ్రునేల నడుమ పిల్లలు చిక్కి శల్యమయ్యారు. 1967లో గైగర్ బృందం అక్కడ తెరిచిన ఆరోగ్యకేంద్రానికి పసివాళ్లు విరేచనాలతో వచ్చేవారు. మందిచ్చి పంపినా ఇంట్లో ఉన్నది ఆకలే కదా! దాంతో డాక్టర్లు చీటీ మీద పాలు, కూరగాయలు, పళ్లు, మాంసం ఇంతింత అని రాయడం మొదలుపెట్టారు. చుట్టుపక్కల కిరాణా కొట్లవాళ్లు చీటీ చూసి సరుకులిచ్చేవారు. బిల్లు మాత్రం కేంద్రం వారి మందుల పద్దులో పడేది.

సంగతి పైకి పొక్కింది. మందుల డబ్బు జబ్బులకే వాడాలని చెప్పడానికి ఒక అధికారి వచ్చాడు. తాను చదివిన వైద్య పుస్తకాల్లో పోషకాహార లోపానికి మందు తిండేనని గైగర్ బదులిచ్చాడు. వచ్చినాయన వచ్చిన దారినే వెళ్లాడు.

చీటీతో ఆగలేదు. 1968లో ఊళ్లవాళ్లు సహకార సంఘం పెట్టుకుని పత్తినేలలో కూరగాయలు వేశారు. ఈ ఆలోచనకు విత్తనం దక్షిణాఫ్రికాలోని ఫోలేలాలో పడింది. సిడ్నీ కార్క్, ఎమిలీ కార్క్ దంపతులు అక్కడ 1940లలోనే వైద్యంతో పాటు పెరటి తోటలూ నేర్పారు. 1957లో గైగర్ విద్యార్థిగా వెళ్లి చూసివచ్చాడు.

ఇంకా వెనక్కి పోతే ఫ్రాన్స్‌లోని ఫెకాం. 1894లో లియోన్ దుఫూర్ అనే డాక్టరు పాల కేంద్రం తెరిచి దానికి 'పాలచుక్క' అని పేరు పెట్టాడు. తల్లులు బిడ్డల్ని తెచ్చి తూకం వేయించి, శుద్ధిచేసిన పాలసీసాలు పట్టుకెళ్లేవారు. మన అంగన్‌వాడీ తక్కెడకు ఆ తక్కెడ దూరపు చుట్టమే.

ఇక ముందుకు వస్తే, తల్లులకూ శిశువులకూ ఆహారమిచ్చే 'విక్' పథకానికి అమెరికాలో 1972లో చట్టమైంది. మొదటి కేంద్రం 1974 జనవరిలో కెంటకీలోని పైన్‌విల్‌లో తెరిచారు. 1975లో పథకం శాశ్వతమైంది. అదే ఏడాది అక్టోబరు 2న మన దేశంలో 33 చోట్ల అంగన్‌వాడీల పథకం ఐసీడీఎస్ మొదలైంది. విక్ వాళ్లు సరుకుల జాబితాను ఇప్పటికీ ప్రిస్క్రిప్షన్ అనే అంటారు. చీటీ మిగిలింది, చేను మాత్రం పోయింది. ఆకలిగొన్నవాళ్లే తమ తిండి పండించుకున్న ఆ ముచ్చట విక్‌లోకి ఎక్కలేదు. నాకు దుఃఖం అక్కడే.

మన ఇళ్లలోనూ ఒక చీటీ ఉంది, దాని పేరు బాలింత పథ్యం. మా ఇంట్లో అదంతా వద్దుల జాబితాయే: పెరుగు వాతం, వంకాయ దురద, అరటిపండు జలుబు. తెలంగాణలో 2015లో వచ్చిన ఆరోగ్యలక్ష్మి పథకం మాత్రం బాలింతను అంగన్‌వాడీలోనే కూర్చోబెట్టి అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెట్టమంది. ఇంటికి పంపితే ఆ గుడ్డు ఎవరి కంచంలోకి పోతుందో వేరే చెప్పాలా?

ఈసారి మీ ఇంట్లో బాలింతకు పథ్యం చెప్పే పెద్దలకు ఒక మనవి. వద్దన్నవాటి పక్కన, ఏమేం తినాలో కూడా రాయండి. డాక్టరు చీటీలా, ఎంతెంతో కూడా.