అపరాల పుచ్చుపురుగు

ధవళేశ్వరమున 1852లోను, బెజవాడలో 1855లోను ఆనకట్టలు పూర్తియైన పిమ్మట కొల్లేటి చుట్టుపట్ల వరిసాగు విస్తరించినది. వరి కోతకు ముందే, చేలో తడి యుండగా, మినుము పెసర చల్లుట డెల్టా రైతుల యలవాటు. అపరాలు మాత్రము అంతకంటె మిక్కిలి ప్రాచీనములు. సుమారు నాలుగువేల యేండ్లనాడే దక్షిణాపథమున పెసలు, ఉలవలు పండించిరని బూడిదదిబ్బల త్రవ్వకములవలన తేలినది.

ఈ గింజల నాశ్రయించు పుచ్చుపురుగునకు 1758లో స్వీడనుదేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయసు చైనా పేరు పెట్టి, ముక్కుపురుగులలో చేర్చెను. కాని బియ్యపుపురుగువలె దీనికి పొడవైన ముక్కు లేదు. నేటి శాస్త్రజ్ఞులు దీనిని ఆకుతిండి పెంకుపురుగుల కుటుంబమున నుంచిరి.

పురుగు గాదెలోనే పుట్టునని పలువురు తలంతురు. దాని రాక తరచుగా చేనినుండియే. తల్లిపురుగు ముదిరిన కాయపైనను, ఇల్లు చేరిన గింజపైనను గ్రుడ్లు పెట్టును. అవి తెల్లని చుక్కలవలె అంటుకొనియుండును. గ్రుడ్డునుండి వెడలిన పిల్ల గింజను తొలిచి, లోపలనే తిని పెరిగి, వెచ్చని దినములలో నెలనాళ్లకే గుండ్రని రంధ్రముగుండ రెక్కలతో వెలువడును. రెక్కలు వచ్చిన పురుగు నిలువగింజను తినదు. గ్రుడ్లు పెట్టి కొలదిదినములలో చచ్చును. కావున రంధ్రము కనబడునప్పటికే నష్టము జరిగిపోయినది. మొలకభాగము పోయిన గింజ విత్తనమునకు పనికిరాదు.

మన పెద్దల పద్ధతులకు కారణమిదియే. ఎండ గింజలోని తేమను తీయును. బూడిద పురుగును గింజల నడుమ తిరుగనీయదు. పలుచగా పట్టించిన నూనె గ్రుడ్లను చంపును. కొల్లేటిగాలిలో తేమ మెండు గనుక ఒకసారి యెండబెట్టుట చాలదు. వానలకు ముందు విత్తనమును మరల ఎండబోసి, చల్లార్చి, కుండకు మూత బిగింపవలెను. నెలకొకసారి తెరచి తెల్లచుక్కలకై చూడవలెను.