గుంటక నుంచి డిస్కు దాకా

రాయలసీమ నల్లరేగడి మెట్టలో నాగలి కంటే గుంటకకే పని ఎక్కువ ఉండేది. అడ్డంగా బిగించిన ఇనుప పలక మట్టి పైపొర కింద సాగుతూ కలుపు వేళ్ళను తెగ్గోస్తుంది. పైన మిగిలిన పొడిమట్టి లోపలి పదునును కాపాడుతుంది. విత్తడానికి గొర్రు ఉండేది. దాని పైనున్న జడ్డిగం అనే గిన్నెలో వేసిన గింజ వెదురు గొట్టాల గుండా సాలులోకి జారేది. వీటిని ఊరి వడ్రంగి, కమ్మరి చేసిచ్చేవారు. కళ్ళంలో మేర, అంటే వారి ధాన్యపు వాటా, కొలిస్తే చాలు, చిన్న రైతు చేతినుంచి నగదు పెద్దగా కదిలేది కాదు. ఇంత అందుబాటులో ఉన్న సేద్యపు ఏర్పాటు మళ్ళీ రాలేదు.

దేశంలో ట్రాక్టర్ల తయారీ 1959లో ఫరీదాబాద్‌లో ఐషర్‌తో మొదలైంది. స్వరాజ్ 1974లో వచ్చింది. ట్రాక్టరు వెనకే డిస్కులూ పొలాల్లోకి దిగాయి. పళ్ళెంలా గుంట పడిన ఈ ఉక్కు బిళ్ళలు దొర్లుతూ కోస్తాయి కాబట్టి వేళ్ళు, మోళ్ళు ఉన్న గట్టి నేలలోనూ ఆగవు. ఈ బిళ్ళలను రెండు వరుసలుగా బిగించిన హారోలో ముందు వరుస ఒక పక్కకు విసిరిన మట్టిని వెనక వరుస తిరిగి లాగి, పెళ్ళలు చితక్కొడుతుంది.

అయితే డిస్కు మట్టిలోకి దిగేది ప్రధానంగా తన బరువుతోనే. బరువైన పరికరానికి పెద్ద ట్రాక్టరు కావాలి, దానికి పెద్ద పెట్టుబడి కావాలి. అందుకే చిన్న కమతాల్లో గంటల లెక్కన అద్దె సేద్యం స్థిరపడింది. 2014-15లో మొదలైన కేంద్ర యాంత్రీకరణ పథకం అద్దె కేంద్రాలకు సాయం అందించింది. అద్దెకు కాక సొంతానికి పాత హారో కొనేవారు రంగు కంటే ముందు అరిగిన డిస్కుల వ్యాసాన్ని కొలుస్తారు, బేరింగుల్లో కదలిక ఉందేమో ఊపి చూస్తారు.