డేరాల నుంచి స్తూపం దాకా

మైదుకూరు నుంచి ఆళ్ళగడ్డ, నంద్యాల మీదుగా కర్నూలు పోయేటప్పుడల్లా మా జేజినాయన "మన రాజధాని డేరాల్లో ఉండె నాయనా" అనేవాడు. తమాషాకంటున్నాడేమో అనుకునేవాణ్ణి. నిజమేనండీ. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలులో సరిపడా భవనాల్లేక ప్రభుత్వాఫీసుల్ని డేరాల్లో నడిపారు. 1956 నవంబరులో మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు పోయారు. ఆ మూడేళ్ళకి డ్రాయింగు ఎవరు గీస్తారు?

రాజధాని, హైకోర్టుల్లో ఏది కావాలో సీమే ఎంచుకోవాలని 1937 శ్రీబాగ్ ఒడంబడిక. మనం రాజధాని తీసుకున్నాం, హైకోర్టు 1954లో గుంటూరుకు పోయింది.

ఇక అమరావతి సంగతి. 2016లో పోటీ పెట్టి జపాన్ ఆర్కిటెక్టు ఫుమిహికో మకీ డిజైన్ ఎంపిక చేశారు. ఫ్యాక్టరీ పొగగొట్టాల్లా ఉన్నాయని విమర్శలొస్తే పక్కనబెట్టి నార్మన్ ఫోస్టర్ సంస్థను పిలిచారు. (రిక్వైర్‌మెంట్లు మారడం మాకేం కొత్త కాదు లెండి!)

ఫోస్టర్ హైకోర్టు డిజైన్ మాత్రం నాకు నచ్చింది. స్తూపాన్ని తలపించే మెట్లుమెట్ల కప్పు. ఎండ లోపలికి రాకుండా, గాలి ఆడేలా బాగా బయటికొచ్చిన చూరు. లోపల ఒకదాని చుట్టూ ఒకటి వలయాల్లా గదులు, నడవాలు. జనం తిరిగే భాగాలు బయటి అంచున, జనానికి ప్రవేశం లేనివి నడిమధ్యన. ఎవరు ఎందాకా రావచ్చో మేం కోడ్‌లో రాస్తాం, వాళ్ళు గోడలతో రాశారు. పాపం, అంత డిజైనూ గీసి పునాదులు పోశాక పని ఆగి, అవి ఏళ్ళ తరబడి నీళ్ళలో నానాయి. 2024లో ఐఐటీ నిపుణులొచ్చి పరీక్షించాల్సొచ్చింది. 2025 మేలో అమరావతి పనులు మళ్ళీ మొదలయ్యాయి.

మరి కర్నూలు? 2020లో న్యాయరాజధాని అని చట్టం చేశారు, 2021లో వెనక్కి తీసుకున్నారు. ఈ మధ్యలో అక్కడ కట్టబోయే కోర్టు బొమ్మ ఒక్కటంటే ఒక్కటి నా కంటబడలేదు. అమరావతికైతే గోడకి తగిలించుకునేటన్ని బొమ్మలు! చుట్టూ మూడు పంటలు పండే నేల ఉన్నచోట ఊహలు పారాయి, మాకు మాత్రం మాటలే మిగిలాయి. అదీ నా కడుపుమంట.

2024 నవంబరులో కర్నూలులో హైకోర్టు బెంచి కావాలని అసెంబ్లీ తీర్మానించింది. అది వస్తే ఏదో ఒక పాత ఆఫీసుకు సున్నం కొట్టి బోర్డు తగిలించేస్తారేమోనని నా భయం. బేతంచెర్ల బండలు పక్కనే ఉన్నాయి, ఎర్రగుంట్ల నాపరాళ్ళున్నాయి. మందపాటి గోడలూ, వాయిదాకొచ్చిన రైతు కూర్చోను పెద్ద అరుగూ పెట్టి ముందు ఒక కాగితం మీద గీయండి సార్.