మాటకారికి పట్టం: నాయకత్వ పరిశోధనలో ఒక అపార్థం

మేనేజ్‌మెంట్ పాఠ్యపుస్తకం ఏది తెరిచినా నాయకత్వ పరిశోధన చరిత్ర ఒకే మూసలో ఉంటుంది. మొదట నాయకులు పుడతారన్నారు. తర్వాత వాళ్ల లక్షణాలు వెతికారు. 1948లో రాల్ఫ్ స్టాగ్‌డిల్ ఆ వెతుకులాట దండగని తేల్చేశాడు. ఆపైన ప్రవర్తన, పరిస్థితి, పరివర్తన నాయకత్వం అంటూ మెట్లు. పరీక్షలో రాయడానికి ఇది బాగానే పనికొస్తుంది గానీ, చరిత్రగా నిలబడదు.

తొలి అంకం తెలిసిందే. 1840లో కార్లైల్ వీరపురుషుల మీద లండన్‌లో ఉపన్యాసాలిచ్చాడు. 1869లో గాల్టన్ ప్రతిభ వంశపారంపర్యమన్నాడు. 1904లో లూయిస్ టెర్మన్ బడిపిల్లల్లో పెత్తనం ఎవరి చేతికి పోతుందో చూశాడు. 1939లో లెవిన్ బృందం అయొవాలోని పిల్లల క్లబ్బుల మీద ప్రసిద్ధమైన అధ్యయనం వెలువరించింది. అయితే అక్కడ నాయకులుగా ఉన్నది పరిశోధకులు పెట్టిన పెద్దవాళ్లు. కాబట్టి గుంపులోంచి నాయకుడెలా పుట్టుకొస్తాడన్న ప్రశ్నకు దానిలో జవాబు దొరకదు.

ఇక 1948. స్టాగ్‌డిల్ అంతకుముందు నాలుగు దశాబ్దాల్లో వచ్చిన 124 అధ్యయనాలను వడపోశాడు. తెలివి, చదువు, బాధ్యత, చొరవ, ఆర్థిక సామాజిక హోదా: వీటిలో నాయకులు తోటివాళ్లకంటే ఒక మెట్టు పైన ఉంటున్నారని స్పష్టంగానే రాశాడు. ఆయన కాదన్నది వేరు. ఫలానా లక్షణాల మూట ఉంటే చాలు, ఎక్కడైనా నాయకుడవుతాడన్న నమ్మకాన్ని ఆయన తోసిపుచ్చాడు. ఆ లక్షణాలు గుంపు అవసరాలకూ లక్ష్యాలకూ పొసగాలన్నాడు. పుస్తకాలు మొదటి సగాన్ని వదిలేసి రెండో సగాన్నే మోశాయి. 1974లో ఆయనే, ఆ వ్యాసాన్ని చదివినవాళ్లు పరిస్థితికి మరీ ఎక్కువ బరువిచ్చారని చెప్పుకోవలసి వచ్చింది. హోదా సంగతి మరుగున పడటం నన్ను మరీ ఆశ్చర్యపరుస్తుంది. మన ఊళ్లలో రచ్చబండ దగ్గర ఎవరి మాట చెల్లుతుందో ఎరిగినవాళ్లెవరూ దాన్ని అంత తేలిగ్గా మరిచిపోరు.

నా దృష్టిలో అసలు కథ 1948 తర్వాతి ఇరవై ఏళ్లలో ఉంది. అంతకుముందే, రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ సైన్యం అధికారుల ఎంపికకు నాయకుడు లేని గుంపుకు ఒక పని అప్పగించి చూసే పద్ధతి తెచ్చింది. మన సర్వీస్ సెలక్షన్ బోర్డుల్లోని గ్రూపు పరీక్షలు ఆ కోవలోవే. 1949లో బెర్నార్డ్ బాస్ ఇలాంటి గుంపుల చర్చలను కొలిచి చూస్తే, ఎవరు ఎంతసేపు మాట్లాడారన్నదానికీ వాళ్లకు పడిన నాయకత్వ మార్కులకూ మధ్య సహసంబంధం 0.9 దాటింది. మూడున్నర దశాబ్దాల తర్వాత పరివర్తన నాయకత్వానికి పెద్ద ప్రచారకుడైనవాడూ ఈయనే. పాఠ్యపుస్తకాలకు ఆ రెండో బాసే గుర్తున్నాడు.

మాట్లాడినందుకు నాయకుడయ్యాడా, నాయకుడు కాబట్టి మాట్లాడాడా అని అడగవచ్చు. 1965లో బావెలాస్, హాస్టార్ఫ్ తదితరుల ప్రయోగం సరిగ్గా దీన్నే పట్టుకుంది. నలుగురు కూర్చుని ఒక సమస్యను చర్చిస్తారు. ఒక్కొక్కరి ముందూ ఒక చిన్న పెట్టె. అందులో ఒక పచ్చ దీపం, ఒక ఎర్ర దీపం. ఎవరి దీపాలు వాళ్లకే కనబడతాయి. మీ మాట చర్చకు ఉపకరిస్తే పచ్చది, అడ్డమైతే ఎర్రది వెలుగుతుందని చెప్పారు. నిజానికి అంతగా నోరు విప్పని ఒకరికి పచ్చదీ, మిగిలినవాళ్లకు ఎర్రదీ వెలిగేలా చూశారు. అతని మాటలు పెరిగాయి. సంగతి తెలియని ఆ తోటివాళ్లే అతనికి నాయకత్వంలో పై స్థానం ఇచ్చారు. దీపాలు తీసేశాక అతని జోరు కొంత తగ్గింది గానీ పూర్తిగా పాత స్థితికి పోలేదు.

దీన్ని చూసి నోరున్నవాడిదే రాజ్యమని ఊరుకోలేం. 1975లో సొరెంటినో, బుటీయే మాటల పరిమాణాన్నీ నాణ్యతనూ విడదీసి చూశారు. నాయకుడనిపించుకోవడానికి పరిమాణం అక్కరకొచ్చింది. సమర్థుడనిపించుకోవడానికి నాణ్యత కావలసి వచ్చింది. పైగా ఈ గుంపుల్లో చాలావరకు కాసేపు కలిసి కూర్చున్న విద్యార్థులవే. ఏళ్ల తరబడి కలిసి పనిచేసేచోట ఇదంతా అలాగే నడుస్తుందనుకోవడం తొందరపాటు. అయినా ఒకటి మాత్రం ఒప్పుకోక తప్పదు: నాయకుడిగా కనిపించడం, నాయకుడిగా పనికిరావడం రెండూ ఒకటి కావు.

ఈ రెండూ కలగలిసిపోవడం వల్లే గందరగోళమంతా. 1959లో రిచర్డ్ మాన్ తన సమీక్షలో తెలివికీ నాయకత్వానికీ సంబంధం 0.25 దగ్గరే ఉందని చూపితే లక్షణాల వాదం పోయిందన్నారు. 1986లో రాబర్ట్ లార్డ్ బృందం ఆ లెక్కల్ని మళ్లీ సరిచేసి దాదాపు 0.5కు తెచ్చింది. అంతకంటే ముఖ్యంగా, అక్కడ కొలిచింది పనితీరు కాదని, తోటివాళ్ల కంటికి ఎవరు నాయకుడిగా ఆనారన్నదేనని గుర్తుచేసింది. చూసేవాళ్ల మనసులో ముందే ఒక అచ్చు ఉంటుందనీ 1975లోనే తెలుసు. ఈడెన్, లెవియాటన్ ఒక ఊహాకర్మాగారంలోని పైఅధికారుల తీరు గురించి ప్రశ్నాపత్రం ఇస్తే, ఏమీ తెలియకుండానే జనం దాన్ని నింపేశారు. ఆ జవాబుల్లో నిజమైన కర్మాగారాల నుంచి వచ్చిన అమరికే కనిపించింది.

ఇప్పటి సంగతి అంత ఆశాజనకంగా లేదు. ముఖం చూసి ఎన్నికల విజేతను చెప్పవచ్చన్న 2005 నాటి టొడొరోవ్ పరిశోధన ఆసక్తికరమే. కానీ అది తొలిచూపు గురించే చెబుతుంది, పార్టీ, కులం, డబ్బు గురించి చెప్పదు. నాయకుడు గుంపు తనను తాను చూసుకునే రూపానికి దగ్గరగా ఉండాలన్న హాగ్, హాస్లమ్‌ల వాదనే నాకు బలంగా తోస్తుంది. ఇక మన క్యాంపస్ నియామకాల గ్రూప్ డిస్కషన్లు. ముందు అందుకో, మధ్యలో ఆగకు అని కోచింగ్ సెంటర్లు నేర్పేది బాస్ 1949లో కొలిచినదాన్నే. ఆ గదిలో కూర్చుని మార్కులు వేసేవాళ్లకు నా మనవి ఒక్కటే: ఎవరు ఎక్కువ మాట్లాడారన్నది ఒక కాగితం మీద, ఎవరి మాట వల్ల చర్చ ముందుకు కదిలిందన్నది ఇంకో కాగితం మీద వేరుగా రాయండి.