పశువుల లెక్కకు పెట్టిన కాలం

ఒక్కసారి విప్పి పక్కన పడేసే గణిత ప్రహేళిక కోసం ప్రోగ్రామును సానబెట్టడం లాభమా దండగా అన్న ప్రశ్న కంప్యూటర్ల కన్నా చాలా పాతది. చేత్తో లెక్కలు కట్టిన కాలంలో దగ్గరి దారి వెతకడానికి పట్టే రోజులూ, గుణకారాలు చేయడానికి పట్టే రోజులూ ఒకే మనిషి ఆయుష్షులోంచి ఖర్చయ్యేవి కనుక అప్పటి గణకులకు ఈ బేరం మరింత గట్టిగా తగిలేది. ఆర్కిమెడీస్ పేరిట ప్రచారంలో ఉన్న పశువుల సమస్య చరిత్ర ఈ బేరాన్ని అడుగడుగునా చూపుతుంది.

జర్మన్ రచయిత లెస్సింగ్ తాను గ్రంథపాలకుడిగా ఉన్న వోల్ఫెన్‌బ్యూటెల్ గ్రంథాలయంలోని ఒక గ్రీకు వ్రాతప్రతి నుంచి 44 పాదాల పద్యాన్ని వెలికితీసి 1773లో ప్రకటించాడు. సూర్యదేవుడి మందలో నాలుగు రంగుల ఎద్దులూ ఆవులూ ఎన్నెన్ని ఉన్నాయని ఆ పద్యం అడుగుతుంది. మొదటి ఏడు షరతులకు సరిపడే అతి చిన్న మందలో 5,03,89,082 పశువులుంటాయి. ఓపిక ఉన్నవారు దీన్ని కాగితం మీదే తేల్చవచ్చు. తెల్ల, నల్ల ఎద్దుల మొత్తం వర్గసంఖ్య కావాలనీ, తక్కిన రెండు రంగుల ఎద్దుల మొత్తం త్రిభుజ సంఖ్య, అంటే 1 నుంచి వరుస సంఖ్యలను కూడితే వచ్చే 3, 6, 10 వంటిది, కావాలనీ చివర చేర్చిన రెండు షరతులతో లెక్క ఒక్కసారిగా కొండంత అవుతుంది.

అప్పుడది భారతీయులు వర్గప్రకృతి అనీ, పాశ్చాత్యులు పెల్ సమీకరణమనీ పిలిచే రూపానికి వస్తుంది. ఒక సంఖ్య వర్గాన్ని ముందే నిర్ణయించిన గుణకంతో హెచ్చవేసి 1 కలిపితే మళ్లీ పూర్ణవర్గమే రావాలి. ఆ సంఖ్య ఏదన్నదే ప్రశ్న. గుణకం 61 అయితే అతి చిన్న జవాబు 22,61,53,980. నిమిషానికొక సంఖ్య చొప్పున రాత్రింబవళ్లు పరీక్షించుకుంటూ పోయినా అక్కడికి చేరడానికి 430 ఏళ్లు పడుతుంది. 1657లో ఫెర్మా ఐరోపా గణితజ్ఞులకు సవాలుగా విసిరిన ఈ లెక్కనే భాస్కరుడు 1150 నాటి బీజగణితంలో చక్రవాళ పద్ధతితో సాధించి చూపాడు. 8 వర్గం 61 కన్నా 3 ఎక్కువ. అక్కడ మొదలైన గణన ఒక్క ఆవృత్తిలోనే 39 వర్గం దగ్గరికి, అంటే 1521కి చేరుతుంది. ఇది 5 వర్గానికి 61 రెట్లయిన 1525 కన్నా 4 మాత్రమే తక్కువ. తేడా 4కు దిగితే చాలు, రెండు సమాధానాలను కలిపి మూడోదాన్ని పుట్టించే భావన అనే సూత్రంతో నేరుగా గమ్యానికి దూకవచ్చునని బ్రహ్మగుప్తుడు 628లోనే చెప్పి ఉన్నాడు.

నేటి మామూలు కంప్యూటరు ఆ 22 కోట్ల పైచిలుకు సంఖ్యలనూ ఏ తెలివీ లేకుండా వరుసగా పరీక్షించినా కొన్ని సెకన్లలో ముగిస్తుంది కాబట్టి, 61కి జవాబొక్కటే కావలసినవారు చక్రవాళం నేర్చుకోవడానికి ఒక పూట వెచ్చిస్తే ఆ పూట నష్టమే. పశువుల లెక్కలో మాత్రం ఈ లెక్కాచారం తలకిందులవుతుంది. అక్కడ గుణకం 41,02,86,42,32,78,424. హారంలో భిన్నం, దాని హారంలో మరో భిన్నం వచ్చే సంతత భిన్న పద్ధతితో సూటిగా వెళితే ఆవర్తనం 2,03,254 మెట్లు సాగుతుంది. ఆ గుణకంలో 9,314 వర్గం ఇమిడి ఉందనీ, దాన్ని విడదీస్తే 47,29,494 మిగులుతుందనీ, దాని ఆవర్తనం 92 మెట్లేననీ గమనిస్తే దారి ఎంతో కురచవుతుంది. 1880లో జర్మన్ గణితజ్ఞుడు ఆమ్‌థోర్ ఈ దారినే పట్టాడు. అలా దొరికిన చిన్న సమాధానాన్ని 2,329వ ఘాతానికి పెంచాలి. ఒక్కొక్కటిగా గుణిస్తే ఇందుకు 2,328 గుణకారాలు కావాలి. పింగళుడు ఛందశ్శాస్త్రంలో 2 ఘాతాలకు చెప్పిన సగం చేసి వర్గించే కిటుకును వాడితే 15 చాలు. జవాబు పొడవును మాత్రం ఏ కిటుకూ తగ్గించలేదు: మొత్తం మందను తెలిపే సంఖ్యలో 2,06,545 అంకెలున్నాయి.

ఆ పొడవే హిల్స్‌బరో బృందాన్ని ఓడించింది. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రానికి చెందిన ఈ ముగ్గురు సభ్యుల గణిత సంఘం 1889 నుంచి నాలుగేళ్లు శ్రమించి, సంఖ్యకు ముందువైపు సుమారు 30 అంకెలనూ చివర 12 అంకెలనూ మాత్రమే పట్టుకోగలిగింది. పద్ధతి చేతిలో ఉన్నా యంత్రం లేని లోటది. 1965లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో విలియమ్స్, జర్మన్, జార్న్‌కె అనే ముగ్గురు ఐబీఎం 7040, 1620 యంత్రాలపై 7 గంటల 49 నిమిషాల్లో పూర్తి జవాబు రాబట్టారు. ఆ అంకెలను ఎవరైనా చదివి బాగుపడ్డారని చెప్పడం కష్టం. కాని ఆ ముగ్గురిలో విలియమ్స్ తరువాతి కాలంలో ఈ సమీకరణం మీదనే ఎంతో పరిశోధన చేసి సంఖ్యాగణనలో పేరుపొందాడు కనుక, ఆ శ్రమ ఫలితాన్ని ఆ ఒక్క జవాబుతోనే తూచడం సరికాదు.

1981 నాటికి బేరం మరోలా మారింది. లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో హ్యారీ నెల్సన్ క్రే-1 సూపర్‌కంప్యూటరుకు పరీక్షగా ఇదే లెక్కను అప్పగించాడు. కొత్త యంత్రం తప్పు లేకుండా పనిచేస్తోందో లేదో తెలియడానికి జవాబు ముందే తెలిసిన పొడవైన లెక్క కన్నా మంచి సాధనం లేదు కాబట్టి, ప్రోగ్రామును యంత్రానికి తగినట్టు చెక్కడానికి పెట్టిన ప్రతి గంటా అక్కడ అసలు పనిలో భాగమే. లెక్క 10 నిమిషాల్లో తేలిపోయింది. మిగిలిన కాలంలో నెల్సన్ అదే సమస్యకు మరో అయిదు సమాధానాలు కూడా తీయించాడు. వాటిలో అతి పెద్దదానికి 10 లక్షలకు పైగా అంకెలున్నాయి.